మంచం కింద ఇద్దరు పెద్దమనుషులు: పాత నాటకంలో ఒంటితో నవ్వించడం ఎలా?

పాలకొల్లు వైపు పరిషత్తు నాటకాలు చూసేవాళ్లకి ఈ సంగతి తెలుసు. డైలాగు రాగానే నటుడు వేలాడే మైకు కిందకొచ్చి నిలబడిపోతాడు. మాట వినపడుతుంది, ఒంట్లో మాత్రం చలనం ఉండదు. పద్యనాటకానికి అది చెల్లుతుంది గానీ ‘కన్యాశుల్కం’ లాంటిదానికి చెల్లదు. బయటి దేశాల నాటకరంగంలో కదలికలు కూర్చడానికి మూవ్‌మెంట్ డైరెక్టర్ అని వేరే మనిషే ఉంటాడు. మన దగ్గర ఆ పనీ దర్శకుడి నెత్తినే పడుతుంది.

ఒక్క ఘట్టం తీసుకుందాం. మనం ఆడేది 1909 నాటి రెండో కూర్పు కదా, అందులో మొదటి అంకంలో మధురవాణి ఇల్లు. గిరీశం వచ్చేసరికి రామప్పపంతులు మంచం కింద దూరతాడు. తర్వాత పూటకూళ్లమ్మ చీపురుకట్టతో ఊడిపడితే గిరీశమూ అక్కడికే చేరతాడు. దెబ్బ పంతులికి తగులుతుంది.

ముందు మాటలు తీసేయండి. మొదటి కొన్ని రిహార్సల్స్ మూగగానే జరగాలి. ముఖాలకి పల్చటి తువ్వాళ్లు కట్టించండి. పారిస్‌లో జాక్ లెకాక్ 1956లో పెట్టిన బడిలో ఏ భావమూ లేని ముసుగు తొడిగి సాధన చేయిస్తారు. మనకి అంత దూరం దేనికి, కాకినాడ పక్కన మాధవపట్నం తోలుబొమ్మలున్నాయి. ఆ ఆటలో హాస్యగాడైన కేతిగాడి ముఖం మారదు, అయినా జనం పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వంతా కీళ్ల దగ్గరే పుడుతుంది. తువ్వాలు కట్టుకున్నా పంతులి భయం చివరి వరస వాళ్లకి తెలిసిందా? తెలిస్తే ముఖం మీద తువ్వాలు తీసేయొచ్చు.

తర్వాత మంచం. సగం హాస్యం దాని ఎత్తులోనే ఉంది. ఇంట్లో మంచం యథాతథంగా తెస్తే ఇద్దరు పట్టరు, పట్టినా ప్రేక్షకులకి కనపడరు. కోళ్ల కింద దిమ్మలు పెట్టి రెండడుగుల దాకా లేపండి, అంతకు మించొద్దు. సుఖంగా కూర్చునే చోటుంటే ఇక నవ్వేముంది? మంచం పొడుగు జనానికి ఎదురుగా ఉండాలి, దుప్పటి ఆ వైపు వేలాడకూడదు. పంతులు దూరేటప్పుడు ముందు తల, తర్వాత భుజం, ఆఖర్న కండువా. ఆ కండువా కొస బయటే ఉండిపోతుంది, దాన్ని మెల్లగా లోపలికి లాక్కుంటాడు. గిరీశం అలా కాదు, ఒక్క ఊపులో దొర్లిపోతాడు. పారిపోవడం అలవాటైన మనిషి మరి! మొదటి రోజు నుంచీ పంచె కట్టుకునే చేయించండి. ప్యాంటుతో సాధన చేసినవాడు ప్రదర్శన రోజు మోకాలి కింద పంచె తొక్కుకుని లేవలేడు. పంచె జారిపోయినట్టు నటించి నవ్వించడం మాత్రం నాకు నచ్చదు, చవకబారు పని.

ఇప్పుడు తాళం లెక్క. దూరడం నాలుగు, నిశ్శబ్దం రెండు, ఒకరినొకరు చూసుకోవడం ఒకటి, మళ్లీ జనం వైపు తిరగడం ఒకటి. తబలా ఆయన్ని పిలిచి దరువు వేయించండి. ఆ ‘నిశ్శబ్దం రెండు’ ఎవరూ మింగేయకుండా చూడాలి, నవ్వు పుట్టేది అక్కడే.

దెబ్బ దగ్గర జాగ్రత్త. కోనసీమలో చేతికందేది కొబ్బరీనెల చీపురే, కానీ ఈనె కంట్లో గుచ్చుకుంటుంది. మెత్తటి కుచ్చు చీపురు తీసుకోండి. ముందు పూటకూళ్లమ్మ కళ్లూ పంతులు కళ్లూ కలవాలి, పంతులు తలాడించాలి, అప్పుడే ఆవిడ చెయ్యి లేవాలి. చీపురు తగలాల్సింది మంచం పట్టెకి, ఉలిక్కిపడాల్సింది పంతులు. మొదట్లో చాలా నిదానంగా చేయించి, వేగం రోజురోజుకీ పెంచండి. పూటకూళ్లమ్మ పాత్రధారిణికి ఒక్కటే చెప్పండి: నవ్వించొద్దమ్మా, నిజంగా కోప్పడు. ఆవిడ గిరీశం చేతిలో మోసపోయిన మనిషి. నవ్వు రావలసింది కింద నక్కిన పెద్దమనుషుల మీద.

మాటలు అప్పుడు తెచ్చుకోండి. కదులుతూ మాట్లాడనివ్వొద్దు. కదలిక ఆగాక మాట, మాట అయ్యాక కదలిక. మంచం ముందు నేలమీద ఒక మైకు కావాలని సౌండు వాళ్లకి ముందే చెప్పుకోవాలి, లేకపోతే పంతులు గొణుగుడు మొదటి వరస దాటదు.

రంగస్థలం మీద జనం నవ్వినప్పుడు ఆగాలి. ఆ హోరు పూర్తిగా చల్లారేదాకా కాదు, తగ్గడం మొదలవగానే తర్వాతి మాట అందుకోవాలి. నాలుగైదు ప్రదర్శనలయ్యేసరికి నటులు సొంత చేష్టలు కలిపేస్తుంటారు, చీపురు దెబ్బలు ఒకటి కాస్తా ఆరవుతాయి. అప్పుడు మళ్లీ తువ్వాళ్లు కట్టించి, తబలా ఆయన్ని పిలవండి.