పరుపు, బొంతలు, ఒక మైకు: బెంగళూరు అద్దింట్లో పాట రికార్డ్ చేస్కోవడం

ఏ మైకు కొనాలి అని అడిగే ప్రతివాళ్ళనీ నేను తిరిగి అడిగేది, మీ ఇంట్లో పరుపు ఎంత మందం అని. జోక్ కాదండి. నేనుండేది మారతహళ్ళిలో మూడో అంతస్తు, ఒకపక్క రింగ్ రోడ్డు హారన్లు, హెచ్ఏఎల్ వైపు నుంచి అప్పుడప్పుడు విమానం, పైవాళ్ళ మిక్సీ సరేసరి. వీటికి మనం చేయగలిగింది ఏం లేదు, రాత్రి పదకొండు దాటాక కూర్చోవడం తప్ప. కానీ గది లోపలి గోల వేరే, మన గొంతే గోడలకి కొట్టుకుని తిరిగొచ్చి మైకులో పడటం, అదొకసారి రికార్డ్ అయిపోయిందంటే తర్వాత ఏ ప్లగిన్నూ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) శుభ్రంగా తీయలేదు.

మొదట్లో నేను కోడిగుడ్ల అట్టలు గోడంతా అంటించా. ఓనరాంటీ పెయింట్ పోయిందని అడ్వాన్సులో కోసుకుంది, గది మాత్రం అలాగే మోగింది. పల్చటి అట్ట గొంతుని పీల్చుకోదు, మందంగా, మెత్తగా ఉండేదే పీల్చుకుంటుంది. ఇంకోటి, మనం మామూలుగా వాడే కార్డియాయిడ్ మైకు ఎదురుగా వచ్చేదే ఎక్కువ వింటుంది, అంటే మీ నోటితో పాటు మీ వెనక గోడని కూడా వింటుందన్నమాట. అందుకే పరుపు మైకు వెనక కాదు, మీ వీపు వెనక నిలబెట్టాలి. రెండు పక్కలా బట్టలారేసే స్టాండ్లు పెట్టి బొంతలు వేయండి, కింద చాప మీద దుప్పటి. చప్పట్లు కొట్టి చూడండి, టంగుమని మోగకపోతే చాలు. గది సరిగ్గా మధ్యలోనూ, మూలల్లోనూ నిలబడొద్దు. ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ పక్క గదిలో ఉన్నా సరే ఆ కాసేపు ఆపండి (మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోకండి, నేను ఒకసారి పాలు విరగ్గొట్టా).

గది మరీ గోలగా ఉంటే కండెన్సర్ (చిన్న శబ్దాన్ని కూడా పట్టేసే సున్నితమైన మైకు) జోలికి వెళ్ళకండి, షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకు దగ్గరగా పెట్టి పాడితే దూరపు శబ్దాలు తక్కువ పడతాయి, కాకపోతే గెయిన్ (మైకు నుంచి వచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) కొంచెం ఎక్కువ అడుగుతుంది. కండెన్సర్ అయితే ఇంటర్‌ఫేస్‌లో (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మైకుకి కరెంటు ఇచ్చే 48 వోల్ట్ల బటన్ నొక్కాలి, నొక్కేముందు హెడ్‌ఫోన్ వాల్యూమ్ తగ్గించుకోండి. కేబుళ్ళు, స్టాండ్ ఎస్పీ రోడ్‌లో (బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు) చూడండి. సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు పెట్టక్కర్లేదు, ఆడాసిటీ ఫ్రీ, రీపర్ 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు.

కండెన్సర్‌కి నోరు జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే జల్లెడ లాంటి తెర). అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని భామ, ఫలం, ప్రేమ అనండి, గాలి ఎక్కడ తగుల్తుందో తెలుస్తుంది, ఆ గాలి మైకుకి సూటిగా తగలకుండా మైకుని కొంచెం పక్కకి తిప్పండి. సుయ్యిమనే శబ్దాల సంగతి కూడా అంతే, స శ లే కాదు, చలి, చుక్క అన్నప్పుడు వచ్చే చ కూడా సుయ్యిమంటుంది, చిలకలో చ అంత అనదు. ముందే పాట సాహిత్యంలో ఇలాంటి మాటలకి గుర్తు పెట్టుకుంటే తర్వాత పని తగ్గుతుంది.

సెట్టింగులు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే లైన్ పాడుతూ గెయిన్ పెట్టండి, మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 10 డీబీ (డెసిబెల్స్, శబ్దం కొలత) మధ్య ఆగాలి, చిన్నగా ఉందని కంగారుపడొద్దు, 24 బిట్‌లో తర్వాత పెంచుకోవచ్చు, సున్నా తాకి చీలిపోయింది మాత్రం తిరిగి రాదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ వద్దే వద్దు, మన గొంతు మనకే ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతుంది. వైర్ ఉన్న మూసిన హెడ్‌ఫోన్, ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ (మన గొంతు కంప్యూటర్ చుట్టూ తిరక్కుండా నేరుగా వినిపించే బటన్) ఆన్. ఒక చెవి సగం తీసి పాడితే శ్రుతి బాగా నిలుస్తుంది, నాకైతే. పాడకముందు పది సెకన్లు ఊరికే ఖాళీ గది రికార్డ్ చేసి పెట్టుకోండి, నాయిస్ తీసేటప్పుడు అదే శాంపిల్.

పల్లవి నాలుగైదు టేకులు తీసుకుని మంచి ముక్కలు అతకండి. ఇక్కడ ఒక మాట, మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, ఆ చివరి అచ్చు మెల్లగా తగ్గుతూ పోతుంది, ఇంగ్లీష్ ట్యుటోరియల్స్ చూసి గేట్ (శబ్దం ఒక స్థాయి కిందికి దిగితే కట్ చేసేసే ప్లగిన్) గట్టిగా పెట్టారంటే ఆ తోక తెగి మాట మింగినట్టు వినపడుతుంది. గేట్ మానేసి, ఖాళీ చోట్ల చేత్తో ఫేడ్ చేస్కోండి. నాయిస్ రిడక్షన్ కూడా 6, 8 డీబీ దాటితే నీళ్ళలో మునిగి పాడినట్టుంటుంది.

ట్యూనింగ్ (ప్లగిన్‌తో శ్రుతి సరిచేయడం) దగ్గరే ఎక్కువమంది పాట పాడుచేసేది. కళ్యాణిలో పాడి ప్లగిన్‌లో మేజర్ స్కేల్ పెడితే మీ ప్రతిమధ్యమాన్ని అది తప్పనుకుని పక్క స్వరానికి లాగేస్తుంది, కాబట్టి రాగంలో ఉన్న స్వరాలు మాత్రమే చేత్తో ఎంచుకోండి. అది స్వరాన్ని సరిచేసే స్పీడ్ బాగా నెమ్మదిగా పెట్టండి, లేకపోతే గమకం మెట్లు మెట్లుగా రోబోలాగా అయిపోతుంది. నేనైతే గమకం ఉన్న చోట ప్లగిన్ ఆపేసి, నిలబెట్టిన స్వరం జారితే అది ఒక్కటే సరిచేస్తా. మరీ అపశ్రుతి అయితే మళ్ళీ పాడటమే తొందరగా తెమిలే పని.

మిగతావి చకచకా అయిపోతాయి. ఈక్యూలో (ఏ స్థాయి శబ్దాన్ని ఎంత తగ్గించాలో పెట్టేది) 80 హెర్ట్జ్ కింద కోసేయండి, ఆడ గొంతైతే 100 దాకా పోవచ్చు. గది బొంగురు 200, 400 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, రెండు మూడు డీబీ తగ్గిస్తే చాలు. కంప్రెసర్ (గట్టిగా పాడిన చోట్లని తగ్గించి గొంతు సమంగా ఉంచేది) 3కి 1, దాని సూది 3 నుంచి 6 డీబీ కదిలేటట్టు. దాని తర్వాత డీ-ఎస్సర్ (స, శ, చ ల సుయ్యిమనే శబ్దాన్ని తగ్గించేది), ఆ సుయ్యిమనేది సాధారణంగా 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య దొరుకుతుంది, ఎక్కువైతే నత్తి వచ్చినట్టుంటుంది జాగ్రత్త. రివర్బ్ (హాల్లో పాడినట్టుండే మోత) ట్రాక్ మీద వేయకుండా సెండ్‌లో (పక్కన వేరే ట్రాక్‌కి పంపి కలిపే దారి) పెట్టి, ప్రీ-డిలే (ఆ మోత మొదలయ్యే ముందు ఆగే టైము) 30 మిల్లీసెకన్ల దగ్గర ఉంచితే మాట ముందుకొచ్చి రివర్బ్ వెనక నిలబడుతుంది.

పొద్దున్నే లేచి ఫోన్ స్పీకర్లో ఒకసారి వినండి, చాలాసార్లు రాత్రి వేసిన రివర్బ్‌లో సగం తీసేస్తారు. మిక్స్ వేరేవాళ్ళకి ఇస్తుంటే అన్ని ట్రాకులూ సున్నా సెకను నుంచే, వేవ్ ఫైళ్ళుగా, ఏ ఎఫెక్టూ లేని కాపీ కూడా పెట్టి పంపండి, వాట్సాప్‌లో ఆడియోగా కాదు బాబూ, డ్రైవ్ లింక్.