‘లే న్యుయి ఫోవ్’ చిత్రాన్ని ఎలా చూడాలి

సిరిల్ కొలార్ తన నవల ఆధారంగా తానే దర్శకత్వం వహించి, హెచ్.ఐ.వి. సోకిన కథానాయకుడు జాన్‌గా తానే నటించిన ఈ ఫ్రెంచి చిత్రం 1992లో విడుదలైంది. కథాకాలం 1986 అని ముందే గుర్తుంచుకోండి. హెచ్.ఐ.వి.ని అదుపు చేసే సమ్మిళిత చికిత్స (కొన్ని మందులు కలిపి ఇచ్చే చికిత్స) రావడానికి అప్పటికింకా పదేళ్లు ఉంది కనుక, జాన్ ఆత్రుతను ఆనాటి మృత్యుభయంతో కలిపి చూడాలి.

జాన్ లోరా అనే యువతిని ప్రేమిస్తాడు, సమీ అనే యువకుణ్ణి కూడా కోరుకుంటాడు. స్త్రీపురుషులిద్దరి పట్లా ఆకర్షణ కలగడాన్ని నిలకడలేనితనంగానో, వ్యాధికి మూలంగానో భావించకండి. వైరస్‌కు ఎవరి లైంగికతతోనూ పని లేదు.

అన్నిటికంటే కష్టమైనది, తనకు వైరస్ ఉందని చెప్పకుండానే జాన్ లోరాతో రక్షణ లేని సంబంధం పెట్టుకునే ఘట్టం. అక్కడ అతనిపై జాలితో లోరాకు జరిగిన అన్యాయాన్ని చిన్నది చేయకూడదు, ఆ అన్యాయం చూపించి హెచ్.ఐ.వి.తో జీవించే వారందరినీ నిందించనూకూడదు. ఈ రెండూ ఒకేసారి మనసులో నిలుపుకోవడం కష్టమే అయినా, ఈ చిత్రం అడిగేది అదేనని నా నమ్మకం. లోరాగా రొమాన్ బొరాంజే ముఖంలో కోపమూ ప్రేమా పెనుగులాడే తీరును తొందరపడకుండా గమనించండి.

నేటి స్థితిని గుర్తుంచుకోవడం కూడా అవసరం: మందులు క్రమంగా వాడుతూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా నిలిచిన వ్యక్తి నుంచి లైంగికంగా అది సోకదు.

కొలార్ 1993 మార్చి 5న ఎయిడ్స్‌తో మరణించారు. మూడు రోజుల తరువాత ఈ చిత్రానికి ఉత్తమ చిత్రంగా ఫ్రాన్స్ జాతీయ సినిమా పురస్కారమైన సెజార్ లభించింది.