టెన్త్ దాకా ఆగకండి: ఏ తరగతిలో ఏ దరఖాస్తు పెట్టాలి

నేను మెదక్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్‌కి హెచ్‌ఎంని. ఏటా ఎండాకాలం చివర్లో తల్లిదండ్రులు వచ్చి అడిగే మాట ఒకటే: "మేడమ్, పది అయిపోయింది, ఇప్పుడేం చేయిద్దాం?" అప్పటికే కొన్ని అవకాశాలు చేజారి ఉంటాయి. మన దేశంలో చదువు దశలు అందరికీ తెలిసినవే. మూడేళ్లకు అంగన్‌వాడీ, ఐదో తరగతి దాకా ప్రైమరీ, ఎనిమిది దాకా అప్పర్ ప్రైమరీ, పది దాకా హైస్కూల్, ఆపైన ఇంటర్. 2020 జాతీయ విద్యా విధానం వీటినే 5+3+3+4గా మార్చి పెట్టింది. ఒక దశలో ఉండగానే తర్వాతి దశకు దరఖాస్తు పెట్టుకోవాలన్న సంగతి మాత్రం చాలా ఇళ్లకు చేరడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట కాగితాల సంగతి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు 2009 విద్యా హక్కు చట్టం వర్తిస్తుంది. పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదనో, పాత బడి టీసీ ఇవ్వలేదనో ప్రభుత్వ బడిలో చేర్చుకోకుండా పంపేయకూడదు. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపి, పిల్లను ఇంట్లో కూర్చోబెట్టిన సందర్భాలు నేను చూశాను. మీరు టీసీ కోసం తిరుగుతూ ఉండండి, పిల్లను మాత్రం రేపే బడికి పంపండి. ఒకటి నుంచి ఏడు దాకా ఎక్కడ చదివినా బోనఫైడ్ (ఆ బడిలో చదివినట్టు ఇచ్చే సర్టిఫికెట్) తీసి దాచండి. తెలంగాణలో ఉద్యోగాలకు లోకల్ ఎవరన్నది 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఆ ఏడు తరగతుల్లో కనీసం నాలుగు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టే తేలుతుంది.

నాలుగో తరగతిలో ఉండగా గురుకులం ఐదో తరగతి ప్రవేశ పరీక్ష రాయించాలి. ఐదులో ఉండగా నవోదయ, అంటే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి, పరీక్ష. మా వైపు వర్గల్‌లో ఉంది. నవోదయలో చేరేది ఆరో తరగతిలో అయినా దానికి పరీక్ష ఐదులోనే, అదీ ఒక్కసారే. రెండోసారి రాయనివ్వరు. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. కానీ మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లె బడిలోనే చదివి ఉండాలి. ఇంగ్లిష్ మీడియం కోసమని మధ్యలో ఒక్క ఏడాది పట్నం బడిలో వేసినా ఆ కోటా పోతుంది. మూడో తరగతిలో బడి మార్చాలనుకునే వాళ్లు దీన్ని తప్పకుండా లెక్కలోకి తీసుకోండి. బడి మానేసిన ఆడపిల్ల ఉంటే ఆరో తరగతి నుంచి కస్తూర్బా విద్యాలయంలో హాస్టల్‌తో సహా చేర్చవచ్చు.

ఎనిమిదో తరగతిని ఎవరూ పట్టించుకోరు. నా లెక్కలో అది చాలా కీలకమైన సంవత్సరం. కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ కోసం రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష అప్పుడే. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు పిల్లల ఖాతాలో పడతాయి. ప్రభుత్వ, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని వాళ్లు అర్హులు. హాస్టల్ ఉండే గురుకులాల పిల్లలకు ఇది లేదు. మీసేవలో ఆదాయ సర్టిఫికెట్ ముందే తీయించండి. ఆధార్‌లో, బడి రికార్డులో, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉండి డబ్బు ఆగిపోతే మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాలి. పరీక్షలో సగం ప్రశ్నలు రీజనింగ్ మీద ఉంటాయి. వాటికి సాయంత్రం ఇంట్లో రోజూ కాస్త సాధన చాలు.

పది తర్వాత ఏంటన్నది తొమ్మిదిలోనే ఇంట్లో మాట్లాడుకోండి. ఎంపీసీ చదివితే తర్వాత బీకాంకో, లా కోర్సుకో మారవచ్చు. సీఈసీ చదివి బీటెక్‌కు పోవడం కుదరదు. అలాగని లెక్కలంటే వణికే పిల్లను ఎంపీసీలో వేయకండి. రెండేళ్లు టెన్షన్‌తో నలిగిపోతుంది. చేత్తో పని చేయడం ఇష్టమున్న పిల్లలకు నేను పాలిటెక్నిక్ చెబుతాను. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా, తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో సంవత్సరం. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపితే ఆరు. ఇక్కడ మూడు, మూడు కలిపినా ఆరే. పైగా మధ్యలో ఇంట్లో కష్టమొచ్చి చదువు ఆగినా చేతిలో డిప్లొమా ఉంటుంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ల ట్రేడ్లు. వెల్డర్ ఒక్క ఏడాదే, ఎనిమిది పాసైనా చాలు. పదిలో మంచి మార్కులొస్తే బాసర ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టండి. అక్కడ ప్రవేశ పరీక్ష లేదు, పది మార్కులే చూస్తారు. ఇంటర్ స్థాయి నుంచి బీటెక్ దాకా ఆరేళ్ల చదువు అక్కడే.

పదిలో తప్పితే పిల్లను తిట్టకండి, పెళ్లి మాట అసలే ఎత్తకండి. సప్లిమెంటరీ కొద్ది వారాల్లోనే వస్తుంది. పాసైతే అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు. బడి మానేసి ఏళ్లు గడిచినా ఓపెన్ స్కూల్‌లో పది, ఇంటర్ కట్టవచ్చు. ఫీజు గడువు ఎప్పుడో, స్టడీ సెంటర్ ఎక్కడో దగ్గరి హైస్కూల్‌లో అడగండి. మీ పిల్ల ఆ బడిలో చదవకపోయినా మేం చెబుతాం.