చలిదేశంలో మల్లెకుండీ: మన నెల్లూరు జిల్లా నుంచి చికాగో వచ్చినవాళ్ళకి

ఇక్కడికొచ్చిన మొదటి జూన్‌లో ఎండ చూసి, ఇదీ మన కావలిలాగే ఉందే అనుకుని, మందారం కొని నేలలో నాటాను. అక్టోబరులో ఒక్క రాత్రి మంచు పట్టింది. తెల్లారేసరికి ఆకులు ఉడికిన తోటకూరలా నల్లబడి వేలాడుతున్నాయి.

మన దగ్గర వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురుపడితే దుప్పటి తీస్తాం. ఇక్కడ 1985 జనవరి 20న మైనస్ 33 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. అంతకాకపోయినా, చాలా ఏళ్ళలో మైనస్ 20 దాకా పడిపోవడం మామూలే. అందుకే మల్లె, మందారం, గన్నేరు నేలలో వద్దు, కుండీలోనే పెట్టండి. కుండీ కూడా ఒక్కరే మోయగలిగినంతే ఉండాలి. మెట్లెక్కించేటప్పుడు నా మాట గుర్తొస్తుంది.

రాత్రి చలి 50 ఫారెన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో 10 డిగ్రీలకు దిగుతోందంటే లోపలికి తెచ్చేయాలి. తెచ్చేముందు ఆకుల అడుగున పిండినల్లి ఉందేమో చూసి, పైపుతో గట్టిగా కడగండి. హీటరు గాలికి ఇల్లు పొడిబారితే ఎర్రనల్లి కూడా చేరుతుంది.

ఇక మల్లె. చలికాలంలో చంపేది చలికంటే మన ప్రేమే. ఆకు రాలగానే కంగారుపడి రోజూ చెంబెడు నీళ్ళు పోస్తాం, వేరు కుళ్ళిపోతుంది. ఊళ్ళో మల్లెతోట రైతులు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. చలికాలం రాగానే నీళ్ళు ఆపేసి, గొర్రెల్ని తోలి ఆకు మేపి, ఆ తర్వాత కొమ్మలు కత్తిరిస్తారు. ఆ విశ్రాంతి వల్లే వేసవిలో విరగబూస్తుంది. ఇక్కడా అదే మంత్రం. దక్షిణపు కిటికీ దగ్గర, హీటరుకు దూరంగా, కాస్త చల్లటి గదిలో ఉంచండి. పైమట్టి వేలికి పొడిగా తగిలితేనే కొద్దిగా నీళ్ళు. ఫిబ్రవరి చివర సగానికి కత్తిరించండి, జంకొద్దు. మొగ్గ వచ్చేది కొత్త చిగురు మీదే.

నేలసంపెంగ, మెట్టతామర, డాలియా దుంపజాతులు కాబట్టి పని సులువు. మంచుకి ఆకు నల్లబడ్డాక తవ్వి, ఆరబెట్టి, అట్టపెట్టెలో పొడి రంపపుపొట్టు వేసి బేస్‌మెంట్‌లో పెట్టేయండి. గడ్డకట్టని చోటైతే చాలు.

కనకాంబరం మీద మాత్రం నాకు ఆశ లేదు. చలిగాలి సోకితే చాలు, వాడిపోతుంది. ఏటా కొత్తగా గింజ వేసుకోండి.

ఊరినుంచి అంటుకొమ్మ సూట్‌కేసులో తెచ్చే ఆలోచన వద్దు. అనుమతి పత్రం లేని మొక్కను విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. కరివేపాకైతే మరీను, నారింజ తోటల తెగులు దానితో వస్తుందని భయం.

ఉగాది వచ్చింది కదాని కుండీలు బయటపెట్టకండి, మే నడిమి దాకా ఆగండి. అప్పుడైనా మొదటిరోజు గంటసేపు నీడలో, మర్నాడు రెండు గంటలు, అలా వారం పది రోజులు అలవాటు చేయాలి. రోహిణికార్తె ఎండకు జంకని జాతే, ఆర్నెల్లు కిటికీ పక్కన కూర్చున్నాక ఇక్కడి మే ఎండకే ఆకు తెల్లగా కాలిపోతుంది.