ఆర్కిటెక్చర్ ఆఫీసులో మొదటి ఉద్యోగం: ఎక్కడ ఆగిపోతోంది, ఏం చేయాలి

కడప చుట్టుపక్కల బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) పూర్తి చేసి ఇంట్లో కూర్చున్న పిల్లలు నాకు ఫోన్ చేసినప్పుడు చెప్పే మాటలు దాదాపు కింద కొటేషన్లలో పెట్టినవే. మార్కులు తక్కువనో, ఇంగ్లిష్ రాదనో, సిఫారసు లేదనో కుంగిపోతుంటారు. నేను చూసినంతలో అడ్డంకి వేరే చోట ఉంది. మీరు గీసిన కాగితం చూసి బేల్దారి మేస్త్రీ గోడ లేపగలడా అన్నది ఆఫీసువాళ్లకు తెలియడం లేదు.

"నలభై మెయిళ్లు పంపాను, ఒక్క జవాబూ లేదు"

ముందు మీరు పంపిన పోర్ట్‌ఫోలియో (మీ డ్రాయింగులు, పనులు కూర్చిన ఫైలు) అవతలివాళ్లకు తెరుచుకుంటోందో లేదో చూడండి. నా మొదటి పోర్ట్‌ఫోలియో 58 ఎంబీ. 25 ఎంబీ దాటితే జీమెయిల్ దాన్ని డ్రైవ్ లింకుగా మార్చేస్తుంది. ఆ లింకుకు నేను పర్మిషన్ ఇవ్వలేదు. మూడు వారాలు ఎదురుచూశాక స్నేహితురాలు తన ఫోనులో తెరవబోతే విషయం బయటపడింది. 10 ఎంబీ లోపు పీడీఎఫ్, 15 నుంచి 20 పేజీలు, ఫైలు పేరులో మీ పేరు ఉంటే చాలు. మెయిల్లో ఆ ఆఫీసు కట్టిన ఏదో ఒక భవనం మీకెందుకు నచ్చిందో రెండు వాక్యాలు రాయండి. ఎప్పుడు చేరగలరో చెప్పండి. చిన్న ఆఫీసుల్లో మెయిళ్లు చూడటానికి వేరే మనిషి ఉండరు, సైటు నుంచి అలిసిపోయి వచ్చిన ఆర్కిటెక్టే రాత్రిపూట చూస్తారు. అందుకే పది రోజులు ఆగి ఫోన్ చేయడం తప్పేమీ కాదు.

"పోర్ట్‌ఫోలియో బాగుందంటారు, మళ్లీ పిలవరు"

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. పేజీలు తిప్పితే అన్నీ రెండర్లే (కట్టాక ఎలా ఉంటుందో కంప్యూటర్లో చేసిన బొమ్మలు): సాయంత్రపు ఆకాశం, అద్దాల గోడలు, ఎగిరే పక్షులు. గోడ మందం ఎంత, స్లాబు మీద వాన నీళ్లు ఎటు పోతాయి, మెట్టు ఎత్తెంత అంటే ఒక్క పేజీలోనూ జవాబు ఉండదు. కొత్తగా చేరినవాళ్లకు ఆఫీసు ఇచ్చే పని సెంటర్‌లైన్ డ్రాయింగు (గోడల మధ్యగీతలు చూపేది), తలుపులు-కిటికీల షెడ్యూలు (పట్టిక), టాయిలెట్ డీటెయిలు. ఆ పని మీకు వచ్చని చూపే కాగితం లేకపోతే ఎంత మంచి రెండరైనా ఉద్యోగం తేలేదు.

కాలేజీ ప్రాజెక్టుల్లో ఒకదాన్ని పట్టుకుని కట్టడానికి పనికొచ్చేంతవరకు గీయండి. ఇంతకంటే నాకు ఇష్టమైన దారి ఇంకొకటి ఉంది. మీ అవ్వ వాళ్ల ఊళ్లో మట్టి మిద్దె ఇంకా నిలబడి ఉంటే వెంటనే వెళ్లి కొలవండి. 30 మీటర్ల టేపు, తోడుగా ఒక మనిషి, రెండు రోజుల సమయం కావాలి. ఒకే మూల నుంచి వరసగా కొలుచుకుంటూ పోండి. ప్రతి గదికీ ఎదురెదురు మూలల మధ్య అడ్డకొలతలు తీయండి, పాత ఇళ్లలో మూలలు 90 డిగ్రీలు ఉండవు. గోడ మందం తలుపు దగ్గర తెలుస్తుంది. ప్లాను 1:50లో, మిద్దె డీటెయిలు 1:20లో గీయండి. సెక్షన్ (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగు) మాత్రం గవాచి (వెలుతురు కోసం మిద్దెలో వదిలిన కంత) మీదుగానే కోయండి. దూలం, దాని మీద దంతెలు (అడ్డంగా వేసే చిన్న కర్రలు), పైన పరిచిన బండలో కట్టెలో, వాటిపై మట్టి, అన్నిటికీ పైన చౌడు (ఉప్పు మట్టి). ఒక్కో పొర మందం రాయండి. వానలకు ముందు చౌడు ఎందుకు వేయిస్తారో ఇంటివాళ్లను అడిగి ఆ మాటలూ పక్కనే రాయండి.

ఇలాంటి ఒక్క షీటు చూస్తే మీకు కొలవడం వచ్చని, గీయడం వచ్చని, కట్టడం ఎలా నిలబడుతుందో అర్థమైందని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. బెంగళూరు పిల్లవాడి పోర్ట్‌ఫోలియోలో ఇది ఉండదు. పైగా ఆ మిద్దెలు ఏటా కూలిపోతున్నాయి, మీ కాగితమే రేపు మిగిలే ఆనవాలు కావచ్చు. నేను దీని గురించి ఇంతగా చెప్పడానికి అదీ ఒక కారణం.

"ఇంటర్వ్యూలో నోరు పెగల్లేదు"

భాష కంటే తయారీ లేకపోవడమే దీనికి కారణం. వాళ్లు మీ షీటు మీద వేలు పెట్టి "ఇది ఎందుకిలా?" అంటారు. దానికి జవాబు తెలిస్తే తెలుగు కలిపిన ఇంగ్లిష్ చాలు. ముందురోజు మీ ప్రతి పేజీని ఇంట్లోవాళ్లకు తెలుగులో వివరించండి. యర్రగుంట్ల వైపు నుంచి వచ్చే కడప బండ సున్నపురాయి అని, వంటింటి అరలకూ నేలకూ ఎలా వాడతారో మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ సంగతి అక్కడ చెప్పండి.

"టెస్టులో టైమ్ చాల్లేదు"

ఆఫీసువాళ్లు పెట్టే డ్రాయింగు టెస్టులో ఇలా అవడానికి కారణం ఆటోక్యాడ్‌లో (కంప్యూటర్లో డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్) లేయర్లు, స్కేలు, ప్లాటింగు చేతికి అలవాటు కాకపోవడమే. రోజుకొక చిన్న ఇల్లు గీసి ప్రింటు తీయండి, నెలలో తేడా తెలుస్తుంది.

"కడపలో ఆఫీసులు తక్కువ, ఉన్నచోట జీతం లేకుండా చేయమంటున్నారు"

తక్కువన్నది నిజమే. కానీ చిన్న ఆఫీసులో మొదటి నెలలోనే సైటు చూస్తారు, ఐదు సెంట్ల స్థలంలో సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ రూల్సు ప్రకారం వదలాల్సిన ఖాళీ) వదిలాక ఇల్లు ఎలా ఇమడాలో నేర్చుకుంటారు. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్సు, తర్వాతి సవరణలు చదువుకుని వెళ్తే మొదటి రోజు నుంచే పనికొస్తారు. మీ ఊరి ఇంజినీరును, బండల వ్యాపారిని, మేస్త్రీని అడిగితే ఏ ఆర్కిటెక్టు పని నడుస్తోందో చెప్తారు. పేపర్లో ప్రకటన వచ్చేదాకా ఆగొద్దు.

జీతం సంగతి. చదువులో భాగమైన ట్రైనింగు వేరు. డిగ్రీ చేతికొచ్చాక ఉచితంగా చేయకండి. ఎంత ఇస్తారు, ఏ తేదీకి ఇస్తారు, సైటుకు పెట్రోలు ఎవరిది, మీరు గీసిన డ్రాయింగులు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా అని అడిగి మెయిల్లో రాయించుకోండి. ఆ ఆర్కిటెక్టు పేరు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ (ఆర్కిటెక్టులను రిజిస్టర్ చేసే సంస్థ) వెబ్‌సైటులో ఉందో లేదో కూడా చూడండి. డిగ్రీ రాగానే మీరూ అక్కడ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టండి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం అది వచ్చేదాకా మీరు ఆర్కిటెక్ట్ అని చెప్పుకోకూడదు. అంతవరకు రెజ్యూమెలో బీఆర్క్ అని రాయండి.