కారు ఏసీ నేర్చుకుందాం – 3వ పాఠం: నడిస్తే చల్లన, ఆగితే ఉక్క

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేసినవారి దగ్గర ఇప్పుడు రెండు అంకెలు ఉండాలి. థర్మామీటరును డ్యాష్‌బోర్డు మధ్య వెంట్‌లో ఉంచి, బయటి గాలి రాకుండా రీసర్క్యులేషన్ మీట నొక్కి, బ్లోయర్‌ను రెండో నంబరులో పెట్టి చూసిన డిగ్రీలు అవి. మొదటిది కారు నీడలో నిలబడి, ఇంజను ఊరికే తిరుగుతున్నప్పటిది. రెండోది రోడ్డు మీద పది నిమిషాలు నడిచాక పక్క సీటులోని వారు చూసి రాసింది. రెండు అంకెలూ ఎక్కువగానే ఉంటే మీ సమస్య వేరు. దాన్ని వచ్చే పాఠంలో చూద్దాం. ఆగినప్పుడు 20 దాటుతూ, నడిచినప్పుడు 9కో 10కో దిగుతుంటే మాత్రం ఈ పాఠం మీ కోసమే. ఏసీ జబ్బుల్లో గ్యాస్ జోలికి పోకుండా ఇంటి ముందే నయం చేసుకోగలిగినది ఇది.

పోయిన ఏడాది మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ మా బావగారి కారులో ఈ జబ్బును దగ్గరగా చూశాను. హైవే మీద ఉన్నంతసేపూ వెనక సీటులో పిల్లలు దుప్పటి అడిగారు. దారిలో ఒక టోల్‌గేటు వరుసలో అయిదు నిమిషాలు ఆగామో లేదో, వెంట్లలోంచి వంటింటి గాలి వచ్చింది. అంతకు రెండు వారాల ముందే ఒక షాపులో గ్యాస్ అయిపోయిందని చెప్పి, 2,000 రూపాయలు తీసుకుని నింపారట. నింపాక కారును రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చూపించారట, చల్లగానే ఉందట. నడుస్తున్న కారు చల్లగానే ఉంటుంది మరి! జబ్బు బయటపడేది కారు ఆగినప్పుడు.

కోదాడ దగ్గర ఒక హోటల్ ముందు చెట్టు నీడ దొరికింది. "బావగారూ, ఇంజను ఆపకండి, ఏసీ కూడా అలాగే ఉండనివ్వండి" అని చెప్పి దిగి, బోనెట్ ఎత్తాను. రేడియేటర్ వెనక రెండు ఫ్యాన్లు. ఎడమది హోరుమని తిరుగుతోంది. కుడిదాని రెక్కలు కదలడం లేదు. ఒక్కో రెక్క అంచున పేరుకున్న దుమ్ము గీత కూడా కంటికి ఆనుతోంది. రెండు నిమిషాలు చూశాను, అది తిరగలేదు.

మొదటి పాఠంలో గీసుకున్న బొమ్మను ఇక్కడ ముందు పెట్టుకోండి. కారు లోపలి వేడిని కూలింగ్ కాయిల్ దగ్గర తీసుకున్న గ్యాస్, ఆ వేడిని కారు ముందు గ్రిల్లు వెనకున్న కండెన్సర్‌లో వదిలిపెట్టాలి. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది కాబట్టి, బయట 42 డిగ్రీల ఎండ కాస్తుంటే కండెన్సర్‌లోని గ్యాస్ అంతకంటే వేడిగా, 55, 60 డిగ్రీల దాకా ఉండి తీరాలి. అప్పుడే అది తన వేడిని గాలికి ఇచ్చి ద్రవంగా మారుతుంది. ఆ వేడిని మోసుకుపోవడానికి గాలి ఆగకుండా వీస్తూ ఉండాలి. కారు నడుస్తుంటే ఎదురుగాలి ఆ పని చేస్తుంది. ఆగితే ఆ భారమంతా ఫ్యాను మీదే. ఫ్యాను తిరగకపోతే పీడనం పెరిగిపోతుంది, కూలింగ్ పడిపోతుంది. మరీ పెరిగితే పైపులో ఉండే సెన్సరు, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఇందులో గ్యాస్ తప్పు ఏమీ లేదు.

ఇక పరీక్ష. ఇంజను ఆన్ చేసి, ఏసీని పూర్తి చల్లదనంలో పెట్టి, దిగి ఫ్యాన్లను చూడండి. చాలా కార్లలో కొద్ది సెకన్లలోనే ఫ్యాను అందుకుంటుంది. కొన్నింటిలో పీడనం పెరిగే దాకా ఒకటి రెండు నిమిషాలు ఆగుతుంది. తొందరపడి తీర్పు చెప్పకండి. ఫ్యాను దగ్గరికి చెయ్యి మాత్రం పోనివ్వకండి. ఇంజను ఆగి ఉన్నా వేడి మీద అది ఉన్నట్టుండి తిరగవచ్చు. చీర కొంగు, చున్నీ, మెడలో తువ్వాలు ఉంటే తీసి పక్కన పెట్టి రండి.

తిరగకపోతే కొత్త ఫ్యాను కొనేముందు చూడవలసినవి ఫ్యూజు, రిలే. రిలే అంటే ఫ్యానుకు కరెంటు అందించే స్విచ్చు. అగ్గిపెట్టె కంటే చిన్నదైన నల్ల డబ్బా, బోనెట్ కింద ఫ్యూజు పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె మూత లోపలి వైపు ఏది దేనిదో బొమ్మ వేసి ఉంటుంది. ఇంజను ఆపి, తాళం తీసేసి, ఫ్యాను రిలేను పైకి లాగండి. అదే పెట్టెలో హారన్‌దో మరొకదానిదో రిలే ఉంటుంది. రెండింటి మీదా అచ్చు వేసిన నంబరు ఒకటే అయితే వాటి చోట్లు మార్చి చూడండి. ఇప్పుడు ఫ్యాను తిరిగి హారన్ మూగబోయిందా, దొంగ దొరికినట్టే. బావగారి కారులో జరిగింది ఇదే. విజయవాడ చేరాక కొత్త రిలేకు అయిన ఖర్చు 250 రూపాయలు. రిలే మార్చినా ఫ్యాను కదలకపోతే మోటారుదో వైరుదో లోపం. దాన్ని ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి, ఏసీ షాపు అవసరం లేదు.

ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నా ఆగినప్పుడు ఉక్కగానే ఉంటే కండెన్సర్‌ను కడగాలి. గ్రిల్లులోంచి టార్చి వేసి చూడండి. సన్నటి అల్యూమినియం రేకుల మధ్య ఎర్రమట్టి, పురుగులు, ఎండిన గడ్డిపరకలు దట్టంగా ఇరుక్కుని కనిపిస్తాయి. వరికోతల కాలంలో పల్లెదారుల్లో తిరిగిన కార్లకైతే ధూళి మేటలు వేసి ఉంటుంది. ఇంజను పూర్తిగా చల్లారాక, మొక్కలకు నీళ్లు పట్టే గొట్టంతో, మామూలు ధారతో కడగండి. సర్వీసింగు షాపుల్లో వాడే ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొడితే రేకులు వంగిపోయి దారులు మూసుకుంటాయి. కిందికి కారే నీళ్లలో మట్టి రంగు పోయేదాకా కడగాలి, దీనికి అరగంట పట్టినా ఫరవాలేదు. తర్వాత మళ్లీ థర్మామీటరు పెట్టి అంకె రాసుకోండి. మా సొంత కారులో కడగక ముందు 18, కడిగాక 12 చూపింది.

క్యాబిన్ ఫిల్టరు గురించి ఒక్క మాట: గ్లవ్ బాక్సు వెనక ఉండే ఆ ఫిల్టరు మూసుకుపోతే గాలే తక్కువ వస్తుంది. ఏడాదికొకసారి మార్చుకుంటే చాలు.

మన పని ఇక్కడితో ఆగాలి. పైపు బిగింపు విప్పే పని, గ్యాస్ ఎక్కించే పని మెకానిక్‌వే. ఈ గీత గురించి నేను గట్టిగానే చెబుతాను. చిన్న డబ్బాల్లో గ్యాస్, దానికో గొట్టం, గొట్టానికో మీటరు ఇప్పుడు ఎవరైనా కొనుక్కోగలుగుతున్నారు. మీటరు ముల్లు ఆకుపచ్చ గీతలోకి వస్తే చాలునని ఆ డబ్బా మీద రాసి ఉంటుంది. అది ఎందుకు చాలదో ఇంట్లో వంటగ్యాస్ సిలిండరును అడగండి. నిండు బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. మొదటి రోజు మంట ఎలా ఉందో, అయిపోయే ముందు రోజు కూడా దాదాపు అలాగే ఉంటుంది. లోపల ద్రవం కొంచెమైనా మిగిలి ఉన్నంతకాలం పీడనం వేడిని బట్టే ఉంటుంది కానీ, ఎంత మిగిలిందన్న దాన్ని బట్టి ఉండదు. అందుకే అమ్మ బండను కుదిపి, ఎత్తి చూస్తుంది. కారు గ్యాసూ అంతే. ఆర్-134ఎ అనే ఏసీ గ్యాస్ ఉన్న కారును 30 డిగ్రీల నీడలో ఇంజను ఆపి కొలిస్తే, లోపల 200 గ్రాములున్నా 450 గ్రాములున్నా ముల్లు 97 పీఎస్‌ఐ దగ్గరే నిలుస్తుంది. ఇంజను తిరుగుతుంటే వచ్చే అంకె ఫ్యాను, ఎండ, కండెన్సర్ మురికి అన్నింటినీ బట్టి మారుతుంది. బావగారి కారు లాంటి దానికి ఆ ముల్లును నమ్మి ఇంకో డబ్బా ఎక్కించి ఉంటే కంప్రెసర్ మీద భారం మరింత పెరిగేది.

బోనెట్ కింద అతికించిన కాగితం మీద గ్యాస్ పేరు, దాని తూకం గ్రాముల్లో ఉంటాయి. చిన్న కార్లకు తరచుగా 400 నుంచి 500 గ్రాముల మధ్య ఉంటుంది. అంత తక్కువలో 50 గ్రాముల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి పాత గ్యాస్‌ను యంత్రంతో బయటికి తీసి తూచడం, వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట లాగి లోపలి తేమను ఆవిరి చేయడం, పంపు ఆపి పావుగంట ముల్లు పైకి లేవకుండా నిలుస్తోందా అని చూడడం, ఆ తర్వాత కాంటా మీద పెట్టి తూకం ప్రకారం నింపడం తప్ప వేరే దారి లేదు. ఆ యంత్రాల ఖర్చు ఒక కారు కోసం భరించేది కాదు. చర్మానికి, కంటికి ముప్పు కూడా ఉంది: ఈ గ్యాస్ మామూలు గాలి పీడనంలో మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ద్రవం కంట్లో పడితే చూపు దెబ్బతినవచ్చు. పైగా 100 ఏళ్ల లెక్కన వాతావరణాన్ని వేడెక్కించడంలో ఆర్-134ఎ కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 1,430 రెట్లు. 450 గ్రాములు గాలికి వదిలితే 640 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు లెక్క. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో నారింజ రంగు తొడుగున్న తీగల్లో ప్రాణం తీసేంత వోల్టేజి ఉంటుంది. వాటి ఏసీ జోలికి అసలు పోకండి.

మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు మీ రెండు అంకెల కాగితం తీసుకెళ్లండి. "గ్యాస్ తక్కువైంది" అంటే, "అయితే ఎక్కడ కారుతోంది?" అని మర్యాదగా అడగండి. పెట్రోలులా ఖర్చయిపోయే వస్తువు కాదది. చాలా ఏళ్లలో గొట్టాల గుండా కొద్దిగా తగ్గవచ్చు కానీ, ప్రతి వేసవికీ నింపుతున్నారంటే ఎక్కడో కారుతున్నట్టే. పాత గ్యాస్ ఎన్ని గ్రాములు వచ్చిందో, కొత్తది ఎన్ని గ్రాములు వేశారో బిల్లు మీద రాయించండి. చిరాకు పడకుండా రాసిచ్చే మెకానిక్ దొరికితే, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. చెమటలు కక్కుతూ పైపుల జాయింట్ల మీద సబ్బు నురగ పూసి, ఒక్క బుడగ కోసం కళ్లప్పగించి కూర్చునే పనికి ఆ విలువ ఉంది.

వచ్చే పాఠానికి పని: టార్చి వేసి, మీకు కనిపించినంత మేర ఏసీ పైపుల జాయింట్లను చూడండి, ముట్టుకోకండి. మిగతా పైపు అంతా పొడి దుమ్ముతో ఉండి, ఒక్క జాయింటు చుట్టూ మాత్రం జిడ్డుగా, నల్లగా దుమ్ము అంటుకుని ఉంటే ఆ చోటును ఫోనులో ఫొటో తీసుకోండి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతూ ఉంటుంది కదా! ఆ జిడ్డు ఏం చెబుతోందో 4వ పాఠంలో చదువుదాం.