స్వాగత కానుకగా ఏది అడగాలి?

మారియట్ హోటళ్ల సభ్యత్వ పథకమైన మారియట్ బాన్వాయ్‌లో, తరచూ బస చేసేవారికి వచ్చే ప్లాటినం స్థాయి ఉంటే, చాలా హోటళ్లలో దిగేటప్పుడు పాయింట్లు, ఫలహారం, పండ్ల పళ్లెం వంటి వాటిలో ఒకదాన్ని స్వాగత కానుకగా ఎంచుకోవచ్చు. ఆ స్థాయి వచ్చిన కొత్తలో, కౌంటర్ దగ్గర తొందరలో పండ్ల పళ్లెం చాలని చెప్పి, మర్నాడు నల్లబడిన అరటిపండును అలాగే వదిలేసి గది ఖాళీ చేసిన సందర్భాలు నాకు ఉన్నాయి. ఇప్పుడు తాళం చేతికి రాకముందే, ఈ హోటల్లో లాంజ్ (పై స్థాయి సభ్యులు కూర్చుని తినే ప్రత్యేక గది) తెరిచి ఉందా, అందులో ఉదయం ఫలహారం ఉంటుందా అని అడుగుతున్నాను. మారియట్‌కే చెందిన షెరటన్, వెస్టిన్ వంటి హోటళ్లలో ఉంటుందంటే, లాంజ్ ప్రవేశం మన స్థాయికి ఎలాగూ వస్తుంది కనుక, కానుకగా 1,000 పాయింట్లు తీసుకుంటాను. స్థాయి వల్ల లాంజ్ ప్రవేశం రాని సెయింట్ రీజిస్ వంటి చోట మాత్రం ఫలహారమే కోరుకోవడం మేలు. అది బస చేసిన ప్రతి ఉదయం మనకూ, వెంట ఉన్న మరొకరికీ వర్తిస్తుంది కాబట్టి, ఇద్దరు మూడు రాత్రులు ఉంటే ఆరు ఫలహారాలవుతాయి. పాయింట్లు ఎంచుకున్నవారు వారం పది రోజుల తర్వాత అవి జమయ్యాయా అని ఖాతా ఒకసారి చూసుకోవాలి.

అయితే గదిని ఇతర ప్రయాణ వెబ్‌సైట్లలో బుక్ చేసుకుంటే ఈ కానుకను హక్కుగా అడగలేము. కానుక బసకు ఒక్కటే. అదే హోటల్లో వరుస రాత్రులను రెండు బుకింగులుగా విడదీసినా రెండోది రాదు.